అలకమ్మ నోరు

జూన్ 4

అలకమ్మ మళ్ళీ నోరు కట్టుకుంది.

పొద్దున ఆరున్నరకి టీ గ్లాసు పట్టుకుని అక్వేరియం ముందు కూర్చుంటే, రాళ్ళ వెనక మగచేప, మా ప్రెసిడెంటుగారు, రెక్కలు విప్పి ఒళ్ళంతా వణికిస్తున్నారు. ఆయన నెత్తి మీది బొడిపె ఈ మధ్య బాగా పెరిగింది, దానితో పాటు దర్జా కూడా. అలకమ్మ ఇసుక మీద ఒక్కో గుడ్డూ పెట్టడం, వెనక్కి జరగడం, నోట్లోకి తీసుకోవడం. పసుప్పచ్చటి గుడ్లు, చిన్న శనగగింజంత. లెక్కపెట్టబోయి పదిహేను దగ్గర తప్పాను. టీ చల్లారిపోయింది.

ఇది మూడోసారి. మొదటిసారి నిరుడు ఆగస్టులో, రెండోసారి ఈ జనవరిలో. రెండుసార్లూ సరిగ్గా మూడు వారాలు నోట్లో దాచుకుని, పిల్లలు కళ్ళు తెరిచాక మింగేసింది. కొత్త తల్లులు మింగుతాయి, అందరికీ తెలిసిందే. రెండోసారి కూడా కొత్తేనా అని అడగాలనిపించింది. ఎవర్ని అడగను?

ఈసారి ఎవరికీ చెప్పను. మా ఆవిడకి కూడా. చిన్నోడికి అసలే చెప్పను. బావమరిది మంచివాడే, కానీ వాడికి తెలిస్తే చేపల సంఘం మొత్తానికి తెలుస్తుంది. ఒకడు ఫోన్ చేసి ఎన్నో రోజంటాడు, ఇంకొకడు లైటు ఆర్పావా అంటాడు. పైకి చెబితే నిలవదన్న పిరికి భయం కూడా ఒకటుంది. కళ్ళద్దాలు అరగదీసి, కొలత ప్రకారం బతికే మనిషిని, ఇలాంటివి నమ్మకూడదు. నమ్ముతున్నాను.

ఒకటో రోజు.

జూన్ 5

రెండో రోజు. మేత వేస్తే మిగతా అయిదూ ఎగబడ్డాయి. అలకమ్మ మూల నుంచి కదల్లేదు. ఆ పేరు ఆవిడ పెట్టిందే. మొదటిసారి చూసినప్పుడు, "ఎవరేమన్నారో పాపం, తిండి మానేసి మూతి బిగించుకుని కూర్చుంది" అని నవ్వింది.

జూన్ 8

అయిదో రోజు. షాపులో పనికిరాని అద్దం ముక్క ఒకటుంటే అంచులు నున్నగా అరగదీసి తెచ్చి, తొట్టిలో అలకమ్మ మూలకి అడ్డంగా దించాను. ఇక ఎవరూ ఆమె జోలికి వెళ్ళరు. పైన నల్లగుడ్డ కప్పాను.

చేపలకి జబ్బు చేసిందని, వేసిన మందుకి వెలుతురు పడదని ఇంట్లో చెప్పాను. సాయంత్రం చిన్నోడు వచ్చి "నేనోసారి చూడనా బావా?" అన్నాడు. "నువ్వు చూస్తే తగ్గుతుందా?" అన్నాను. నవ్వి, వాళ్ళక్క ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయాడు. ఇద్దరికీ ఒకే మాట మీద అబద్ధం చెప్పాను. ఇంత సులువని తెలియదు.

జూన్ 12

తొమ్మిదో రోజు. ఫోన్లో అలకమ్మ ఫోటో చూసుకుంటుంటే షాపులో కౌంటరు అమ్మాయి వెనక నుంచి తొంగిచూసి, "అయ్యో, చేపలక్కూడా గవదబిళ్ళలు వస్తాయా సార్?" అంది. ఆ గవదల్లోనే పిల్లలున్నాయని చెబితే నమ్మలేదు. నెల రోజులు తిండి తినదంటే అసలు నమ్మలేదు.

ఇక ఆగలేకపోయాను. ఇవి ఫ్రంటోసాలని, ఆఫ్రికాలో ఒక మహా సరస్సులో, వెలుతురు సరిగ్గా చేరని లోతులో ఉంటాయని చెప్పాను. పట్టేవాళ్ళు ఒక్కసారిగా పైకి లాగరు. కొన్ని మీటర్లు లేపి, ఒక రోజు ఆపి, మళ్ళీ కొన్ని మీటర్లు. తొందరపడితే పొట్టలో గాలితిత్తి ఉబ్బి చచ్చిపోతాయి. మావి అక్కడ పట్టినవి కావు, ఎక్కడో తొట్లో పుట్టినవే. అయినా ఆ నిదానం పోలేదు. బొటనవేలంత ఉన్నప్పుడు ఎనిమిది తెచ్చాను. అవి ఆడో మగో తెలియడానికే నాలుగేళ్ళు పట్టింది. మొత్తం ఏడేళ్ళు.

"ఏడేళ్ళలో నేను రెండు ఉద్యోగాలు మారాను సార్" అంది ఆ అమ్మాయి.

జూన్ 18

పదిహేనో రోజు. గుడ్డ కొంచెం ఎత్తి చూశాను. దవడ కింద చర్మం పల్చబడి, లోపల నల్లటి చుక్కలు కదులుతున్నాయి. అవి కళ్ళు. అలకమ్మ వెన్ను సన్నబడింది. కాస్త ఓపిక పట్టు తల్లీ.

జూన్ 24

ఇరవై ఒకటో రోజు. రేపొక్క రోజు గడిస్తే గండం గడిచినట్టే.

జూన్ 25

మింగేసింది.

జూన్ 26

నిన్న ఆ ఒక్క మాట కంటే రాయలేకపోయాను. షాపు నుంచి వచ్చి గుడ్డ ఎత్తేసరికి దవడ చదునుగా ఉంది. మేత వేస్తే ఆబగా తింది. సిగ్గులేకుండా తింది. అరచేత్తో అద్దం మీద చరిచాను. చేపలన్నీ బెదిరి రాళ్ళకి కొట్టుకున్నాయి. లోతు నీటి చేపల దగ్గర చప్పుడు చెయ్యకూడదని చిన్నోడికి పాఠం చెప్పినవాణ్ణి నేనే.

కింది పెదవి దగ్గర కొంచెం గీసుకుపోయింది. మింగేటప్పుడు రాయికి తగిలి ఉంటుంది. నల్లగుడ్డ నాలుగు మడతలు వేసి ఉంది. నేనలా మడవను, ఆవిడ దుమ్ము దులిపి ఉంటుంది. చిన్న వల సింకు పక్కన ఆరుతోంది. నేనే కడిగానేమో.

ఇంక దాచి ఏం లాభమని ఇద్దరికీ చెప్పేశాను. చిన్నోడు వీపు నిమిరి, "కొన్నిటికి అది అలవాటైపోతుంది బావా. నువ్వేం చేస్తావు?" అన్నాడు. వాడు వీపు నిమిరితే కాస్త తేలికైంది. ఆవిడ స్నానాలగదిలోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది.

జూన్ 29

దాన్ని రొయ్యలాయనకి ఇచ్చేస్తానన్నాను. ఎండురొయ్యల మేత అమ్మే ఆయన, చేపలు కూడా పెట్టుకుంటాడు.

"ఇవ్వకండి" అంది ఆవిడ.

"పిల్లల్ని తినేదాన్ని ఎన్నాళ్ళు పోషించను?"

"దాని తప్పేముందండీ?"

"మింగడం తప్పు కాదూ?"

తింటున్న పళ్ళెం ముందే కూర్చుని ఏడ్చింది. చేప కోసం ఆవిడ ఏడవడం ఇదే మొదటిసారి. ఏడేళ్ళుగా కరెంటు బిల్లు చూసి సణిగిన మనిషి. నాకంటే మెత్తటి మనసు. ఇవ్వలేదు.

జూలై 19

రొయ్యలాయన దగ్గరచూపు అద్దాలకి వచ్చాడు. ఫ్రేములో అద్దాలు బిగించి, చదివి చూడమని అక్షరాల కార్డు ఇచ్చాను. కార్డు పక్కన పెట్టి ఫోన్ తీశాడు.

"అక్షరాలెందుకండీ, మీ బావమరిది పిల్లల్ని చూసుకుంటా."

"వాడికి పెళ్ళే కాలేదు, పిల్లలేమిటి?" అన్నాను.

ఆయన కడుపుబ్బ నవ్వాడు. "చేపపిల్లలండీ బాబూ! మూడో విడత. ఫ్రంటోసాని పిల్లలు పెట్టించినవాడు మన సంఘంలో వాడొక్కడే. మొన్న మాట్లాడమంటే చప్పట్లే చప్పట్లు. మీకు తెలియకపోవడమేంటి, గురువు మీరేగా?"

"తెలుసు" అన్నాను.

"తల్లిని మాత్రం చూపించడండీ. దానికి జనం పడదంటాడు."

చిన్నోడి దగ్గరున్నవి రెండూ మగవి. నా ఎనిమిదింటిలోంచి నేనే ఇచ్చాను. వాడి దగ్గర తల్లి లేదు.

ఫోన్ తీసుకుని చూశాను. ఒక తొట్టిలో వేలెడంత పిల్లలు. ఇంకో దాంట్లో రెండు కణుపులంత. చివరి ఫోటోలో పొట్టకింద పసుపు సొన ఇంకా వేలాడుతున్నవి, ఒక గిన్నెలో. తెల్ల పింగాణీ గిన్నె, నీలం అంచు, అంచు మీద ఒకచోట పెచ్చు ఊడి ఉంది. అద్దాల మీద గీతలు చూసే భూతద్దం పెట్టి చూశాను.

"పవరు సరిపోయినట్టుందండీ" అన్నాడు రొయ్యలాయన. "పిల్లల గీతలు లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి."

జూలై 20

కాకపోవచ్చు.

జూలై 21

మా వంటింట్లో ఉన్నలాంటి గిన్నెలు వెయ్యి ఇళ్ళలో ఉంటాయి.

జూలై 22

పెచ్చు కూడానా?

జూలై 23

వెనక్కి తిప్పి చదివాను. నిరుడు ఆగస్టు. జనవరి. జూన్. ఫోటోలో మూడు సైజులు. ఆవిడ అన్నం పెట్టింది, తిన్నాను. ఏం తిన్నానో గుర్తులేదు.

జూలై 24

షాపులో కరెంటు లేక మధ్యాహ్నమే వచ్చేశాను. గిన్నె కడిగి బోర్లించి ఉంది. తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ కూరగాయలు తరుగుతోంది.

"ఇందులో చిన్నోడు ఏం పెట్టాడు?" అన్నాను.

కత్తి ఆగింది. ఏ గిన్నె అనలేదు, ఎప్పుడు అనలేదు. అని ఉంటే బాగుండేది. నేను నమ్మడానికి సిద్ధపడే వచ్చాను.

"మీకు చెబుదామనుకున్నాను" అంది.

"ఎప్పుడు?"

"మొదటిసారే."

నిరుడు ఆగస్టులో, తను పనిచేసే లైబ్రరీ నుంచి ఒంటిగంటకి ఇంటికొచ్చిందట. వంటింట్లో చిన్నోడు అలకమ్మని తడిగుడ్డలో పట్టుకుని, కింది పెదవిలోకి చిటికెన వేలు పెట్టి నోరు తెరుస్తున్నాడట. పిల్లలు ఒక్కొక్కటే గిన్నెలోకి జారుతున్నాయట. మేం ఊరెళితే చేపల్ని చూసుకోమని వాడికి తాళంచెవి ఇచ్చింది నేనే. "అక్కా, బావకి చెప్పకే, ఈ ఒక్కసారికే" అన్నాడట.

"అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు. నేనే అన్నం తినిపించాను" అంది. "చదువు రాలేదు. ఫోటో స్టూడియో మూసేశాడు. సెల్లుల రిపేరు మానేశాడు. ఇవి మాత్రం బతికాయండీ వాడి చేతిలో. సీసాలో గాలి పెట్టి, రోజుకి ఆరుసార్లు నీళ్ళు మార్చి బతికించుకున్నాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. వాడి జన్మలో మొదటిసారి."

"లేచి కొట్టారని నీకెలా తెలుసు?"

"వెళ్ళాను."

లైబ్రరీలో ఆడిటు అని చెప్పి వెళ్ళిన ఆదివారం. ఆ రోజు ఆవిడ కుర్చీ చివర కూర్చుని చప్పట్లు కొడుతుంటే, నేనిక్కడ అలకమ్మకి ఆకలి పెరగాలని మేతలో వెల్లుల్లి కలుపుతున్నాను.

"వాడు నోట్లో వేలు పెడితే కొరకలేనివాడండీ" అంది.

"అలకమ్మా అంతేగా" అన్నాను.

అప్పుడు ఏడ్చింది. నాకు జాలి కలగలేదు. ఇంకొకటి అడగాల్సి ఉంది, అది అడిగితే ఇక ఇంట్లో ఏమీ మిగలదని తెలిసే అడిగాను.

"మూడోసారి నేనెవరికీ చెప్పలేదు. గుడ్డ కప్పి ఉంది. ఏ రోజు తియ్యాలో వాడికెలా తెలిసింది?"

ఆవిడ నా వైపు చూడలేదు. పడకగది వైపు చూసింది. అందులో నా సొరుగు వైపు.

"వాడు రోజూ ఫోన్ చేసేవాడు, బావ ఏదో దాస్తున్నాడక్కా అని. ఇదే ఆఖరుసారి అన్నాడు. చూశాను. గిన్నె కూడా నేనే ఇచ్చాను" అంది.

రేపొక్క రోజు గడిస్తే గండం గడిచినట్టే అని రాసుకున్నాను. అది చదివి తమ్ముడికి ఫోన్ చేసింది.

జూలై 25

ఈ పుస్తకం సొరుగులో, అద్దాలు తుడిచే గుడ్డల కింద ఉండేది. ఆవిడ లైబ్రరీలో పుస్తకాల మధ్య పనిచేస్తుంది, అయినా ఇరవై రెండేళ్ళలో నా సొరుగు తెరుస్తుందన్న ఆలోచనే రాలేదు. తాళం కూడా లేదు. ఎవరి కోసం తాళం?

ఇందులో చిన్నోడు మంచివాడని రాశాను. ఆవిడది మెత్తటి మనసని రాశాను. అవి కూడా చదివి ఉంటుంది.

కోపంగా ఉంది. దానికంటే సిగ్గెక్కువగా ఉంది. ఏ పాపం ఎరగని ప్రాణిని ఏడాదిగా పిల్లల్ని తినేదానా అని తిట్టాను. మూడు వారాలు పస్తులుండి, నోట్లోంచి పిల్లల్ని లాగేశాక, ఆకలేసి అది నాలుగు మెతుకులు తింటే సిగ్గులేనిదన్నాను. దానికేం తెలుసు, నా మాటలు. నాకు తెలుసు.

జూలై 27

ఆదివారం. చిన్నోడు వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. అంత పొడుగు మనిషి తలుపు చెక్కకి ఆనుకుని కుంచించుకుపోయాడు.

"కొట్టు బావా."

"కొడితే నీకు తీరిపోతుంది" అన్నాను.

"పిల్లలన్నిటినీ తెచ్చిచ్చేస్తాను. సంఘంలో కూడా చెప్పేస్తాను."

"వద్దు. వాటిని చూస్తే నాకు గిన్నె కనిపిస్తుంది."

అప్పటిదాకా తల దించుకున్నవాడు ఎత్తాడు. "ఆడది ఒకటి ఇమ్మని అడిగాను బావా, మూడేళ్ళ క్రితం. ఏమన్నావో గుర్తుందా? నీ చేతిలో ఏదీ నిలవదురా, మగవి తీసుకుపో, చచ్చినా నష్టం లేదన్నావు. అక్క ముందరే."

గుర్తులేదన్నాను. తలుపు వేసుకున్నాను.

గుర్తుంది. అప్పుడు అందరం నవ్వాం, వాడు కూడా. అయితే మాత్రం? ఒక మాటన్నందుకు మూడుసార్లు దొంగతనమా? వీపు నిమరడం కూడానా? దొంగిలించినదానికంటే ఆ నిమరడమే నాకు ఎక్కువ మండుతోంది.

ఆగస్టు 6

ఇంట్లో ఇప్పుడు మాట్లాడనివాళ్ళు ఇద్దరు. ఒకళ్ళు నీళ్ళలో ఉన్నారు.

ఆగస్టు 15

ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాను. ఇంటికొచ్చాక, ఏం కావాలో చెప్పమంటాను. ఏమీ లేదంటుంది.

ఆగస్టు 23

తాళం మార్చాను. కొత్త చెవులు రెండిచ్చారు. ఒకటి ఆవిడకి ఇవ్వాలి కదా. బల్ల మీద పెట్టాను, తీసుకుంది. తాళం మార్చి ఏం సాధించినట్టో.

సెప్టెంబరు 2

అలకమ్మ నాలుగోసారి నోరు కట్టుకుంది. పొద్దున ఏడింటికి. ప్రెసిడెంటుగారికి ఏ బాధా లేదు, ఎప్పటిలాగే ఊరేగుతున్నారు.

అద్దం అడ్డం దించాను. గుడ్డ కప్పాను. ఈ పుస్తకాన్ని సొరుగులో పెట్టడం లేదు. భోజనాల బల్ల మీద పెడుతున్నాను, తెరిచి. చదివేవాళ్ళకి వెతుక్కునే శ్రమ ఉండకూడదు.

ఒకటో రోజు. తప్పు రాయలేదు, సరిగ్గానే రాశాను. కావలసినవాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు.

సెప్టెంబరు 12

పదకొండో రోజు. చదివేవాళ్ళకి అర్థమయ్యేలా అంకెలో కూడా రాస్తున్నాను: 11.

ఇది పరీక్షా, పగా అని నన్ను నేను అడిగాను. పరీక్షే అని చెప్పుకున్నాను. పందెంలో పెట్టింది మాత్రం అలకమ్మ పిల్లల్ని. షాపుకి సెలవు పెట్టి కాపలా కూర్చోవచ్చు. కూర్చోను. నా ఇంట్లో నేను కాపలా కూర్చోవాలంటే అది ఇల్లెలా అవుతుంది?

సెప్టెంబరు 17

16. కళ్ళు కనిపిస్తున్నాయి.

సెప్టెంబరు 22

21.

సెప్టెంబరు 23

22. షాపులో ఒక పెద్దాయన అద్దం కుడిది ఎడమకి బిగించాను. ఓనరు ఒక చూపు చూశాడు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా తొట్టి ముందు నిలబడ్డాను. గుడ్డ ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

దవడ నిండుగా ఉంది.

ఆవిడ వంటింట్లోంచి చూస్తోంది. గుడ్డ దించేశాను.

సెప్టెంబరు 27

26. ఉంది. ఇంతవరకు ఎప్పుడూ రాలేదు. పిల్లలు దవడలో పట్టడం లేదు, మూసిన నోటి సందులోంచి ఒక తోక కనబడింది. వదిలే క్షణం చూడాలి. ఏడేళ్ళుగా అదొక్కటే కోరిక. తనంతట తాను నోరు తెరిచి, బయటికి పొమ్మని వదలడం. పుస్తకాల్లో చదివాను, చూడలేదు.

సెప్టెంబరు 30

29. నేడో రేపో.

అక్టోబరు 1

ఇది మీ పుస్తకం. ఇందులో నేను రాయకూడదని తెలుసు. మీరు నాతో మాట్లాడరు కాబట్టి రాస్తున్నాను.

పొద్దున పదకొండు ఇరవైకి వదిలింది. నేను ఎదురుగా కుర్చీలో ఉన్నాను. ఇరవై రెండో రోజు నుంచి లైబ్రరీకి సెలవు పెట్టాను. మీరు వెళ్ళాక గుడ్డ ఎత్తి కూర్చుని, మీరు వచ్చే వేళకి మళ్ళీ కప్పి లేచేదాన్ని. తమ్ముడు రెండుసార్లు ఫోన్ చేశాడు, ఈ విషయం ఏమీ చెప్పలేదు. మీరు నమ్మాలని రాయడం లేదు.

ముందు ఒకటి పెదవి దాకా వచ్చింది. బయటికి చూసింది. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి నోరు బాగా తెరిచింది, ఆవలించినట్టు. అప్పుడు మూడు నాలుగు కలిసి వచ్చాయి, తర్వాత అన్నీ. ఒళ్ళంతా గీతలు, పెద్దవాటికున్నట్టే. ఇసుక మీద ఆమె కిందే గుంపుగా ఉన్నాయి. నేను కొంచెం కదిలేసరికి మళ్ళీ నోట్లోకి దూరాయి. ఆమె ఒక్కదాన్ని కూడా మింగలేదండీ. నేను కదలడం మానేశాక మళ్ళీ వదిలింది. కాళ్ళు తిమ్మిరెక్కినా కదల్లేదు. లెక్కపెట్టాను, ఇరవై ఏడు.

మొదటిది పెదవి దగ్గరికి రాగానే మీకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. తర్వాత మళ్ళీ చేశాను.

మీరు చూడాల్సింది నేను చూశాను. అది కూడా మీ దగ్గర తీసుకున్నట్టే అనిపించింది.

*

పైన ఉన్నది ఆవిడ దస్తూరి. సాయంత్రం అయిదున్నరకి వచ్చి చదివాను.

ఫోన్ తీసి చూశాను. పదకొండు ఇరవైకి ఒకటి, పదకొండు ముప్పై ఒకటికి ఒకటి. రెండూ మోగినప్పుడు నాకు తెలుసు. మొదటిసారి పేరు చూసి ఫోన్ బోర్లించాను. రెండోసారి కనీసం చూడలేదు. అప్పుడు చేతిలో పనేమీ లేదు. షాపు నుంచి ఇల్లు నడిచి పది నిమిషాలు, పరిగెత్తితే ఆరు.

ఏడేళ్ళు. ఆరు నిమిషాలు. నా మీద నాకే ఏవగింపు కలిగింది. ఆ వెంటనే, ఆవిడ చూసింది కదా అని ఒళ్ళు మండింది. ఆ రెండిటిలో ఏది ముందు వచ్చిందో ఇప్పుడు చెప్పలేను.

గుడ్డ ఎత్తాను. అలకమ్మ బక్కచిక్కి, నోరు ఖాళీగా, అద్దం పక్కన తేలుతోంది. కింద పిల్లలు. నిజంగానే ఒళ్ళంతా గీతలు. ఆవిడ వెనకాల గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. సెలవు ఇంకా ఎన్ని రోజులుందో అడగాలనుకున్నాను. కూర్చుని చూశావా అని, ఎలా ఉంది అని, ఇంకా ఏమేమో. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఇలాంటి సంగతి ఇంకెవరితో చెప్పుకుంటాను? ఆవిడ కూడా నా నోటివైపే చూస్తోంది.

నేను వేలు అద్దానికి ఆనించి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రాళ్ళ కింద నాలుగు, మూలలో తొమ్మిది, తల్లి చుట్టూ మిగతావి. ఇరవై ఏడు.

ఆవిడ రాసినన్నే ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు. వెనక ఆవిడ ఊపిరి వదలడం వినిపించింది.

నేను మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను.